పాత బండిని క్రిందికి దించుట

తొమ్మిదవ తరగతి విద్యార్థులను “మా ఇంటి వాహనము” అను విషయమును గూర్చి వ్యాసము వ్రాయుమని మేము ఈ సంవత్సరము కోరియుంటిమి. తాతగారి సైకిలు మొదలుకొని, తెల్లవారుజామున గులాబీలను సంతకు చేర్చు చిన్న వ్యాను వరకు హోసూరు ప్రాంతపు వాహనములన్నియు ఆ కాగితములపై నడచివచ్చినవి. వానిలో ఒక బాలుని వ్యాసము మా కలమును నిలిపివేసినది. తండ్రి రెండేండ్ల క్రిందట కొన్న పాత ఫోర్డు ఎకోస్పోర్టు బండిని అన్నయు తానును కలసి రానున్న ఆదివారమునాడు క్రిందికి దింపబోవుచున్నామనియు, స్ప్రింగులను రెండేసి చుట్లు కోయించినచో బండి నేలనంటుకొని పరుగెత్తుననియు అతడు వ్రాసియుండెను. మేము మూడు అక్షరదోషములను దిద్ది, చివర “కోయించుటకు ముందు ఒకసారి మమ్ము కలిసికొనుము” అని వ్రాసితిమి.

మరునాడు బాలుడు రాలేదు, తండ్రి వచ్చెను. “అయివోరా, పెద్దోడు రెండు చుట్లు కోయిస్తానంటా ఉండాడు. కిందికి దిగితే బండికి నిలకడ ఎక్కువంట. మా అమ్మకి ఎక్కేదానికీ సులువంట. నిజమేనా?” అని అడిగెను.

మేము తెలుగు బోధించువారము. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందినప్పుడు మాకు ఛందస్సును, బోధనాపద్ధతులను నేర్పిరి గాని స్ప్రింగులను గూర్చి నేర్పలేదు. అయినను “అది మా పాఠము కాదు” అని పంపివేయుటకు మనసొప్పలేదు. ఆ బండిలో ప్రతిదినము ఆయన భార్య కర్మాగారమునకును, ఇద్దరు పిల్లలు బడికిని పోవుచుందురు. వారమునకొకసారి ముసలితల్లి ఆసుపత్రికి పోవును. కావున మా భౌతికశాస్త్రోపాధ్యాయులను వెంటబెట్టుకొని, మా పాఠశాలలో చదివి ఇప్పుడొక పనిశాలలో సస్పెన్షను పని చేయుచున్న పూర్వవిద్యార్థి యొద్దకు పోయితిమి. అచట చూచినదియు, పిదప చదివి తెలిసికొన్నదియు విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును ఉపయోగపడునని ఇందు వ్రాయుచున్నాము.

ముందుగా బండిని గూర్చి కొంత చెప్పవలెను. ఎస్‌యూవీ యను పేర వాడుకలో నున్నవి ముఖ్యముగా రెండు జాతులు. లారీవలె ఉక్కుచట్రముపై దేహమును వేరుగా బిగించినది మొదటిది. మహీంద్రా బొలెరో ఆ జాతికి చెందినది. చట్రమును దేహమును ఒకటిగా అతికి, కారు పునాదిపై ఎత్తుగా నిర్మించినది రెండవది. ఎకోస్పోర్టు ఈ రెండవ జాతి. అది ఫియెస్టా యను కారు పునాదిపై పుట్టినది. మన దేశమున 2013లో విపణికి వచ్చినది. చెన్నై సమీపమున మరైమలై నగరులో తయారైనది. దాని పొడవు 3,999 మి.మీ. నాలుగు మీటర్లకు ఒక్క మిల్లీమీటరు తక్కువగా నుండుట యాదృచ్ఛికము కాదు. 2006 సంవత్సరపు కేంద్ర బడ్జెటులో నాలుగు మీటర్లకు మించని చిన్న కార్లకు సుంకము తగ్గింపబడినది. నాటినుండి మన దేశపు బండ్ల పొడవును ఇంజనీర్లతోపాటు పన్నుల శాఖవారును నిర్ణయించుచున్నారు. ఫోర్డు సంస్థ మన దేశమున కార్ల తయారీని విరమించుచున్నట్లు 2021 సెప్టెంబరులో ప్రకటించినది. 2022తో ఎకోస్పోర్టు తయారీ ముగిసినది. కావున మన రోడ్లపై నున్న ఎకోస్పోర్టు బండ్లన్నియు ఇప్పుడు పాతవే.

ఈ బండి కడుపునకును నేలకును నడుమ ఖాళీ, బరువు లేనప్పుడు, 200 మి.మీ. అని సంస్థ ప్రకటించినది. మామూలు చిన్న కార్లకు ఇది 165 లేక 170 మి.మీ. ప్రాంతమున నుండును. దించుట యనగా ఈ ఖాళీని తగ్గించుట.

ఈ వేడుక ఎచట పుట్టినదో తెలిసికొనుట మన విద్యార్థులకు ఆసక్తికరముగా నుండును. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, ముఖ్యముగా లాస్ ఏంజిలిస్ నగరమున, మెక్సికో సంతతి యువకులు పాతకార్లను కొని, వెనుకడిక్కీలో ఇసుకబస్తాలు వేసియు, స్ప్రింగులు కోసియు నేలకు దింపి, వీథులలో మెల్లగా ఊరేగించెడివారు. వారు ఇంటిలో స్పానిషు భాషను, బడిలో ఇంగ్లీషును మాటలాడువారు. ఇంటిభాష యొకటి, బయటిభాష మరియొకటియైన ఊరిలో మనకును నిత్యజీవనమగుటచే ఈ సంగతి మా దృష్టి నాకర్షించినది. 1950ల చివర ఆ రాష్ట్రము, చక్రపు ఇనుపరింగు అడుగుకంటె బండియొక్క ఏ భాగమును క్రిందికి రాకూడదని శాసించెను. అంతట 1959లో రాన్ అగిర్రే అను యువకుడు విమానములనుండి తీసివేసిన ద్రవపీడన పంపులను తన కారునకు అమర్చి, మీట నొక్కినంతనే బండి లేచునట్లును, మరల దిగునట్లును చేసెను! పోలీసు కనబడినప్పుడు లేపుట, పోయిన పిదప దించుట. ఆ నిషేధము 2024 జనవరి 1 నుండి తొలగింపబడినది. వారి బండ్లు ఊరేగింపు కొరకు దింపబడినవి. వేగము వారి ఉద్దేశము కాదు. మన బాలుని అన్న కోరినది ప్రతిదినము పనికివచ్చు బండి. ఈ భేదమును మరువరాదు.

ఇక స్ప్రింగు. ఎకోస్పోర్టు ముందు చక్రములకు మాక్‌ఫర్సన్ స్ట్రట్టు అను అమరిక కలదు. స్ప్రింగును, షాకబ్సార్బరును ఒకే నిలువుకంబముగా కూర్చిన ఈ అమరిక అర్ల్ మాక్‌ఫర్సన్ అను ఇంజనీరుది. 1950లో ఇంగ్లండున వెలువడిన ఫోర్డు కాన్సల్ కారులో అది ఉండెను. వెనుక రెండు చక్రములను కలుపు ఒక మెలిపడు ఉక్కుదూలమును, వేరుగా స్ప్రింగులును, షాకబ్సార్బర్లును కలవు. స్ప్రింగు బండి బరువును మోయును. షాకబ్సార్బరు స్ప్రింగు ఊగులాటను అణచును. ఈ రెండు పనులను ఒకటిగా భావించుటయే పెక్కు పొరపాట్లకు మూలము.

స్ప్రింగును కోసినచో అది మెత్తబడునని బాలుడు తలచియుండెను. పెద్దలలోను ఈ భ్రమ కలదు. వాస్తవము దీనికి విరుద్ధము. రాబర్టు హుక్ 1678లో ప్రకటించిన సూత్రమును ఉన్నత తరగతులవారు ఎరుగుదురు: స్ప్రింగు సాగుట దానిపై బలమునకు అనుపాతముగా నుండును. కాని ఆ సాగుటను చుట్లన్నియు పంచుకొనును. మా ప్రయోగశాలలో ఒక సన్నని స్ప్రింగునకు 100 గ్రాముల బరువు వ్రేలాడదీయగా సుమారు 60 మి.మీ. సాగినది. దానిని సగమునకు కత్తిరించి అదే బరువును కట్టగా 30 మి.మీ. మాత్రమే సాగినది. పనిచేయు చుట్లు సగమైనవి గనుక బిగువు రెట్టింపైనది. ఆరు చుట్ల స్ప్రింగులో రెండు తీసినచో బిగువు ఒకటిన్నర రెట్లగును. కారు దేహము సాధారణముగా సెకనునకు ఒకటి మొదలు ఒకటిన్నర సార్లవరకు ఊగునట్లు స్ప్రింగులను అమర్చుదురు. బిగువు ఒకటిన్నర రెట్లైనచో ఊగుట సుమారు ఐదవవంతుకు పైగా త్వరితమగును. ఆ త్వరను అణచుటకు పాత షాకబ్సార్బరు చాలదు. అది మొదటి స్ప్రింగునకు తగినట్లు చేయబడినది. పైగా పదేండ్లు పనిచేసి అలసియున్నది. బండి గుంటలో పడి లేచిన పిదప రెండు మూడు సార్లు గెంతును. గెంతునప్పుడు టైరు నేలను సరిగా పట్టదు. వర్షములో బ్రేకు వేయవలసి వచ్చినప్పుడు ఈ పట్టు ఎంత విలువైనదో తండ్రులకు చెప్పనక్కరలేదు.

కోయుటలో వేరొక అపాయమును పూర్వవిద్యార్థి చేతితో చూపెను. స్ప్రింగు కొసలు తమ గిన్నెలలో చక్కగా కూర్చుండునట్లు వంపబడియుండును. కోసినపిదప ఆ కొస గిన్నెలో ఇమడదు. చక్రము గుంటలోనికి పూర్తిగా వ్రేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై తన స్థానమునుండి తప్పుకొనవచ్చును. కొందరు కోయుటకు బదులు గ్యాసుమంటతో కాల్చి స్ప్రింగును కుంగజేయుదురు. అది మరియు చెడ్డది. స్ప్రింగు ఉక్కునకు పదును పెట్టబడియుండును, మంట తగిలినచోట ఆ పదును పోవును. కాల్చిన స్ప్రింగు ఎంత కుంగునో ఎప్పుడు ఆగునో చెప్పగలవారు లేరు.

ఇప్పుడు తండ్రి అడిగిన మొదటి ప్రశ్నకు వత్తము: దిగిన బండికి నిలకడ ఎక్కువా? గడ్డిని ఎత్తుగా వేసిన ఎద్దులబండి వంగలో ఒరగుటను మనమందరము చూచియున్నాము. గురుత్వకేంద్రము ఎంత ఎత్తున నున్నచో పడు భయము అంత ఎక్కువ. రెండు చక్రముల నడిమి వెడల్పులో సగమును గురుత్వకేంద్రపు ఎత్తుచే భాగించగా వచ్చు సంఖ్యను అమెరికా రోడ్డుభద్రతాశాఖవారు 2001 నుండి బండ్ల దొర్లుడు భయమును అంచనా వేయుటకు వాడుచున్నారు. మామూలు కార్లకది 1.3 నుండి 1.5 వరకును, ఎస్‌యూవీలకు 1.0 నుండి 1.3 వరకును ఉండును. ఉదాహరణకై వెడల్పు 1,500 మి.మీ., ఎత్తు 600 మి.మీ. అనుకొనుడు, 750 ని 600 చే భాగించిన 1.25 వచ్చును. బండి 40 మి.మీ. దిగినచో ఎత్తు 560, సంఖ్య 1.34. కావున అన్న చెప్పినది అసత్యము కాదు. మేము కూడ ఇచటనే ఆగిపోయి “దించవచ్చును” అని చెప్పియుందుము.

కాని భౌతికశాస్త్రోపాధ్యాయులు మమ్ము ఆగనీయలేదు. మలుపులో బండి దేహము ఒరుగునప్పుడు ఒక బిందువు చుట్టును ఒరుగును. పనిశాలవారు దీనిని రోల్ సెంటరు అందురు. మనము ఒరుగు కేంద్రము అందము. అది కంటికి కనబడునది కాదు. చక్రమును దేహమునకు కలుపు క్రిందిచేతుల వాలునుబట్టి ఏర్పడును. బండి ఎత్తుగా నున్నప్పుడు ఆ చేతులు దేహమునుండి చక్రమువైపునకు కొంచెము పల్లముగా, లేదా సమతలముగా నుండును. దేహమును దించినచో చేతుల లోపలికొస దేహముతోపాటు దిగును. బయటికొస చక్రముతోనే నిలుచును. వాలు తిరుగబడును. దానితో ఒరుగు కేంద్రము, దేహము దిగినంతకంటె ఎక్కువగా దిగిపోవును. మొదట గురుత్వకేంద్రము 600 మి.మీ., ఒరుగు కేంద్రము 80 మి.మీ. ఎత్తున నున్నవనుకొనుడు; నడుమ దూరము 520. నలుబది మిల్లీమీటర్లు దించగా మొదటిది 560, రెండవది నేలవరకు వచ్చినదనుకొనుడు, దూరము 560. ఒరగద్రోయు మీట పొడవు పెరిగినది! అనగా, పడిపోవు భయము తగ్గినను, మలుపులలో ఒరుగుట పెరుగవచ్చును. బిగువైన స్ప్రింగులు ఆ ఒరుగుటను కొంత కప్పిపుచ్చును, అంతే. “దించితిమి, అయినను వంగలో తూగుచున్నదేమి?” అని బండి యజమానులు విస్మయపడుటకు కారణమిదే. ఈ ముక్క బోధపడిననాడు మాకు కలిగిన సంతోషము, కఠినమైన పద్యమునకు అన్వయము కుదిరినప్పటి సంతోషమువంటిది.

ఆ చేతుల వాలు మారుటచే చక్రముల పోకడయు మారును. ముందు చక్రములు పైభాగమున లోపలికి వంగును. వాని మొనలు ఒకదానివైపునకొకటి తిరుగుటయో, విడిపోవుటయో జరుగును. వెంటనే వీల్ అలైన్‌మెంటు చేయింపనిచో క్రొత్త టైర్ల లోపలి అంచులు కొలది మాసములలోనే నున్నబడిపోవును. బయటి అంచు మాత్రము క్రొత్తదిగా కనబడుచుండుటచే యజమాని మోసపోవును.

ఇక నేలతో తగాదా. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి 1988 నియమావళి ప్రకారము రోడ్డుపై వేయవలసిన స్పీడుబ్రేకరు 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున, 17 మీటర్ల వ్యాసార్ధముగల వృత్తఖండమువలె నుండవలెను. ఎకోస్పోర్టు ముందు వెనుక చక్రముల దూరము 2,520 మి.మీ. ఇట్టి గట్టుపై బండి సరిగా నడుమకు వచ్చినప్పుడు గట్టు ఎంత పైకి పొడుచుకొనివచ్చును? అర్ధదూరమైన 1.26 మీటర్లను వర్గించి, వ్యాసార్ధమునకు రెట్టింపైన 34 చే భాగించుడు. సుమారు 47 మి.మీ. వచ్చును. అనగా నియమానుసారమైన గట్టు దించిన బండికి కూడ శత్రువు కాదు. శత్రువు వేరొకటి. ఊరివారు తారుతోనో సిమెంటుతోనో రాత్రికిరాత్రి వేసికొన్న సన్నని గట్టు. వెడల్పు ఒక మూర, ఎత్తు వారి కోపమంత. అది చక్రముల నడుమ పూర్తిగా ఇమిడిపోవును గనుక దాని ఎత్తంతయు కడుపునకు తగులును.

బాలునకు మేమొక పని యిచ్చితిమి. ఇంటినుండి బడివరకు ఎన్ని గట్లున్నవి, ఎత్తెంత, కొలిచి తెమ్మంటిమి. స్నేహితునితో సైకిలుపై పోయి, దారమును స్కేలును పట్టుకొని కొలిచి వచ్చెను. మొత్తము ఏడు గట్లు. మూడు వెడల్పైనవి; నాలుగు సన్ననివి. అన్నిటికంటె ఎత్తైనది, సన్ననిదానిలో, 14 సెంటీమీటర్లు. ఆ సంఖ్యతో తరగతిలో లెక్కవేసితిమి.

ఐదుగురు మనుష్యులు, సామానులు కలసి 350 కిలోలు. అందు 250 వెనుక చక్రములపై, 100 ముందు చక్రములపై అనుకొంటిమి. ప్రతి స్ప్రింగును 2.5 కిలోలకు ఒక మిల్లీమీటరు అణగుననుకొంటిమి. వెనుక 50, ముందు 20 మి.మీ. దిగును. నడుమ మిగులు ఖాళీ 165 మి.మీ. 140 మి.మీ. గట్టును బండి దాటిపోవును. అదే స్ప్రింగులతో బండిని 40 మి.మీ. దించియున్నచో నడుమ 125 మాత్రమే మిగులును, కడుపు తగులును. ఆ కడుపుక్రింద ఇంజనునూనె గిన్నెయు, పొగగొట్టమును ఉన్నవి. మూడవవంతు బిగువైన స్ప్రింగులు వేసి 25 మి.మీ. మాత్రమే దించినచో? వెనుక 38, ముందు 15 అణగును. నడుమ 148 మిగులును. ఎనిమిది మిల్లీమీటర్లతో దాటును. ఎనిమిది మిల్లీమీటర్లనగా చిటికెనవ్రేలి మందము. వాన వెలిసిన పిదప గట్టుకడ గుంటపడినచో ఆ వ్రేలును ఉండదు. ఈ అంకెలు ఊహాలెక్కలేయైనను, ఎంత దించవచ్చునను ప్రశ్నకు జవాబు మనము పోవు దారిలోనే ఉన్నదని పిల్లలు గ్రహించిరి.

దించవలెననియే నిశ్చయించుకొన్నవారికి మేలైన మార్గమేదని పూర్వవిద్యార్థి నడిగితిమి. ఆ నమూనాకే తయారైన పొట్టిస్ప్రింగులను, వానికి తగిన పొట్టి షాకబ్సార్బర్లను జతగా వేయవలెననెను. నాలుగు చక్రములకు ఒకేసారి మార్చవలెను. చక్రము పైకి వచ్చినప్పుడు దెబ్బను కాచు రబ్బరుదిమ్మలను కూడ చూడవలెను. దించినకొలది స్ప్రింగు ఆ దిమ్మకు చేరువగును, ప్రతి గుంటకును దానిని గుద్దును. పాతబండికైనచో ఇవి అన్నియు తరువాతి మాట. ముందుగా క్రిందిచేతుల రబ్బరు బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టీరింగు కొసలు మార్చవలసియున్నవేమో చూడవలెను. “అరిగిపోయిన బుష్‌లపై పొట్టిస్ప్రింగు వేయుట, పుచ్చిపోయిన వాసముపై క్రొత్తపెంకు వేసినట్లు” అని ఆ యువకుడనెను. మేము నేర్పిన తెలుగు వృథాపోలేదని సంతసించితిమి.

చక్రముల సంగతియు చెప్పవలెను. యువకుల ఆశ ముందుగా వానిమీదనే యుండును. ఎకోస్పోర్టు పై తరగతి నమూనాకు 205/60 ఆర్ 16 టైర్లు వచ్చినవి. దీని అర్థము: టైరు వెడల్పు 205 మి.మీ.; ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి అరువది, అనగా 123 మి.మీ.; రింగు వ్యాసము 16 అంగుళములు, అనగా 406.4 మి.మీ. మొత్తము వ్యాసము 652.4 మి.మీ. పెద్దరింగు అందమని 205/50 ఆర్ 17 వేసినచో మొత్తము 636.8 మి.మీ. రింగు పెద్దదైనను టైరు చిన్నదైనది! బండి ఇంకొక 8 మి.మీ. దిగును; వేగసూచిక అసలు వేగముకంటె రెండున్నర శాతము ఎక్కువ చూపును. 215/50 ఆర్ 17 అయినచో 646.8 మి.మీ.; తేడా ఒక శాతమునకు లోపల. కాని దాని ప్రక్కగోడ 107.5 మి.మీ. మాత్రమే, గుంటదెబ్బను టైరు తక్కువగా మ్రింగి, రింగునకు ఎక్కువగా అప్పగించును.

చట్టమును గూర్చి తండ్రులు శ్రద్ధగా వినవలెను. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, తయారీదారు మొదట నిర్దేశించిన వివరములకు భిన్నముగా యజమాని బండిని మార్చరాదని చెప్పుచున్నది. కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ విభాగమును గట్టిగా వ్యాఖ్యానించినది. అదే సంవత్సరపు సవరణచట్టము చేర్చిన 182ఏ విభాగము ప్రకారము అనుమతిలేని మార్పునకు ఆరు నెలలవరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పునకు ఐదువేల రూపాయల జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. రిజిస్ట్రేషను పత్రములో నేలఖాళీ వ్రాయబడదు గదా, కావున దించుట నేరము కాదని వాదించువారు కలరు. మేము న్యాయవాదులము కాము. కాని తయారీదారు నిర్దేశించినది 200 అయినప్పుడు 160 నకు దించినవాని పక్షమున నిలిచి వాదించుటకు మాకు ధైర్యము చాలదు. ప్రాంతీయ రవాణా కార్యాలయమున ముందుగా వ్రాతమూలకముగా అడుగుట, బీమా సంస్థకు తెలుపుట మేలు. తెలుపని మార్పు ప్రమాదమైననాడు బీమాసొమ్ము వద్ద తగవు కాగలదు. రంగు మార్చినను పత్రములో నమోదు కావలెను. ముందు బిగించు ఇనుప గార్డులపై చర్య తీసికొనుమని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు తెలిపినది.

మనవంటి సరిహద్దు ఊరివారికి ఇంకొక చిక్కు. బెంగళూరులో పాతబండి చవుకగా దొరకునని కొనితెచ్చువారు పెక్కురు. పండ్రెండు నెలలకు మించి ఇచట ఉంచినచో ఇచటి సంఖ్య పొందవలెను. అందుకు బండిని అధికారికి చూపవలెను. పదునైదేండ్లు నిండిన సొంతబండికి మరల రిజిస్ట్రేషను పొందునప్పుడును తనిఖీ తప్పదు. 2013లో నమోదైన ఎకోస్పోర్టునకు ఆ దినము 2028లో వచ్చును. కోసిన స్ప్రింగులతో ఆ దినము ఎదుట నిలుచుట కష్టము.

ఇన్ని సంగతులు తెలిసినపిదప, ఆ ఆదివారమునాడు బండిని కోయుటకు కాక, కొలుచుటకు పనిశాలకు తీసికొనిపోయితిమి. చదునైన నేలపై నిలిపి, ప్రతి చక్రము నడిబొడ్డునుండి పైనున్న దేహపు వంపు అంచువరకు స్కేలుతో కొలిచిరి. ఈ కొలతకు టైరుగాలి హెచ్చుతగ్గులతో నిమిత్తము లేదు. బాలుడు చదువుచుండగా అన్న వ్రాసికొనెను. ముందు రెండును సమానముగా నుండెను. వెనుక ఎడమది కుడిదానికంటె 14 మి.మీ. తక్కువ. మరల కొలిచిరి, అంతే. బండిని ఎత్తి చూడగా వెనుక ఎడమ స్ప్రింగు క్రిందికొస అరచుట్టు విరిగి, తుప్పుపట్టిన ముక్క గిన్నెలో పడియుండెను. ఎన్నాళ్లనుండి అట్లున్నదో ఎవరికిని తెలియదు. ఎవరును కోయకుండగనే ఆ బండి ఒకప్రక్క దిగియున్నది. ఆ ప్రక్క సీటులోనే ముసలితల్లి కూర్చుండి ఆసుపత్రికి పోవుచుండెను. తండ్రి ఆ ముక్కను చేతిలోనికి తీసికొని కొంతసేపు మాటలాడలేదు.

వెనుక స్ప్రింగులు రెండును, షాకబ్సార్బర్లు నాలుగును, ముందు క్రిందిచేతుల బుష్‌లును సంస్థవారి కొలతకే మార్చిరి. అలైన్‌మెంటు సరిచేసిరి. బండి దిగుటకు మారుగా వెనుక వ్రేలిమందమంత లేచినది. అన్న ముఖము చిన్నబోయినమాట నిజము. ఇంటికి తిరిగివచ్చునప్పుడు అతడే నడిపెను. రాయకోట దారిలోని వంగవద్ద “తూగడం లేదే” అని తనలో తాననుకొనెను. రింగులకు నల్లరంగు వేసికొనుటకును, పాతసీట్లకు క్రొత్త తొడుగులు కుట్టించుటకును, తలుపులలో చప్పుడు నణచు పట్టలు అంటించుటకును తండ్రి సమ్మతించెను. ఇవి ఏ పత్రమునకును విరుద్ధములు కావు. దినదినము కూర్చుండువారికి ఇవియే ఎక్కువ సుఖము.

ముసలితల్లి ఎక్కుట మాత్రము మిగిలినది. బండిని నలుబది మిల్లీమీటర్లు దించినను ఆమె మోకాలికి ఒరుగునది రెండు వ్రేళ్ల వెడల్పే. ఇంటిలో పదునైదు సెంటీమీటర్ల ఎత్తైన చెక్కపీట యొకటి కలదు. ఇప్పుడది ముందుసీటు క్రింద ప్రయాణము చేయుచున్నది. ఆమె ఎక్కునప్పుడు మనుమడు దానిని నేలపై పెట్టి చేయి పట్టుకొనును.

ఇరువదియైదు మిల్లీమీటర్లు దించుటకు అనుమతి కలదా యని అన్న రవాణా కార్యాలయమునకు అర్జీ వ్రాసియున్నాడు. దానిని దిద్దినది మేమే. జవాబు ఇంకను రాలేదు. తమ్ముడు ప్రతి నెల మొదటి ఆదివారమున నాలుగు చక్రములయొద్ద కొలతలు తీసి నోటుపుస్తకము చివరిపుటలో వ్రాయుచున్నాడు. గత మాసమున ఎడమకుడుల తేడా రెండు మిల్లీమీటర్లు.